దేవుడిచ్చిన తెలివి ఎవరి కోసం? – మారేడుమిల్లి నుంచి

ఈవారం నేను స్టూడియోలో లేను, మారేడుమిల్లిలో ఉన్నాను. వెనకాల వినిపిస్తున్నది వాన అనుకునేరు. వాన కాదు, వాగు. కెమెరా పట్టుకున్న తమ్ముడు ఇంకో చోటికి పోదామన్నాడు గానీ ఈ కొండల్లో నీళ్ల చప్పుడు లేని చోటు వెతకాలంటే సాయంత్రం అయిపోతుంది. కాస్త సర్దుకుని వినండి.

పోయిన ఎపిసోడ్ తర్వాత ఇద్దరు ఫోన్ చేశారు. ఇద్దరూ అడిగింది ఒకే విషయం, కానీ రెండు వైపుల నుంచి అడిగారు.

మొదటావిడ కాకినాడ నుంచి. "మా అమ్మాయికి పాట వచ్చు, బొమ్మలు వేస్తుంది, లెక్కల్లో ఫస్టు. అన్నీ దేవుడిచ్చినవే అనుకుంటాం. కానీ తన పని, తన మార్కులు, తన బహుమతులు తప్ప ఇంకోటి ఆలోచించదండి. నలుగురికి ఉపయోగపడటం ఎలా నేర్పాలి?" అన్నారు. రెండో ఆయన ఇక్కడికి దగ్గర్లోనే, రంపచోడవరం వైపు ఒక ఊళ్లో ఉంటారు. "మావాడు ఇంటర్ రెండో సంవత్సరమండి. బాగా చదువుతాడు. బీటెక్‌లో చేరమంటే వద్దంటాడు. డీఎడ్ చేసి ఇక్కడే కొండ మీద పిల్లలకి చదువు చెప్తానంటాడు. దేవుడిచ్చిన తెలివి వృథా అయిపోదా?" అని అడిగారు.

ఒకరేమో మా పిల్లకి సేవ రావట్లేదంటున్నారు. ఒకరేమో మా పిల్లాడికి సేవ ఎక్కువైపోయిందంటున్నారు. నవ్వకండి. మనలో చాలామంది ఇళ్లల్లో ఈ రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి. పిల్లాడు పక్కింటివాళ్లకి సాయం చేస్తే ముచ్చటపడతాం. అదే పనికి జీవితం ఇచ్చేస్తానంటే మనకి చెమటలు పడతాయి.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. సండే స్కూలుకి వెళ్లిన పిల్లలందరికీ 'టాలెంట్ టెస్ట్' తెలుసు. పాట, వాక్యం కంఠస్థం, స్టీలు గిన్నె బహుమతి. మన ఇళ్లల్లో స్టీలు గిన్నెల్లో సగం అలా వచ్చినవే. తెలుగు బైబిల్లో దాన్నే తలాంతు అన్నారు. కానీ మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలో ఆ కథ చెప్పినప్పుడు తలాంతు అంటే పాటా కాదు, ఆటా కాదు. అదొక తూకం. డబ్బు తూకం. ఒక్క తలాంతు అంటే ఆ రోజుల్లో ఒక కూలివాడు దాదాపు ఇరవై ఏళ్లు కష్టపడితే వచ్చేంత సొమ్ము. ఒకే ఒక్క తలాంతు అందుకున్నవాడు కూడా పేదవాడేం కాదన్నమాట. వాడు దాన్ని తాగి తగలెయ్యలేదు, జూదమాడలేదు. భద్రంగా గొయ్యి తీసి దాచిపెట్టాడు. అంతే వాడు చేసిన తప్పు.

మీరు ఏ మతం వాళ్లయినా ఈ సంగతి ఆలోచించండి. మనం మన పిల్లల తెలివిని పాడు చెయ్యం. దాస్తాం. ట్యూషన్‌లో దాస్తాం, ర్యాంకులో దాస్తాం, షోకేసులో దాస్తాం.

ఈ విషయం మీద మన తెలుగువాళ్లలోనే ఒక తండ్రీ కొడుకుల కథ ఉంది. తండ్రి పేరు చెబితే మీకందరికీ తెలుసు, గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, ఆ రోజే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వాడుక భాష కోసం పోరాడారని బళ్లో పాఠం చదివే ఉంటారు. నేను చెప్పబోయేది ఆ పాఠంలో రెండు లైన్లలో అయిపోయే భాగం.

ఆయన 1863లో శ్రీకాకుళం వైపు ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1880లో, అంటే పదిహేడేళ్లకే, పర్లాకిమిడిలో రాజావారి బళ్లో ఉపాధ్యాయుడిగా చేరారు. కుర్ర పంతులు. ముఖలింగం గుళ్లో పాత శాసనాలు ఉంటే, ఎవరూ నేర్పకుండానే ఆ లిపి కూడబలుక్కుని చదివేశారు. అంటే దేవుడు ఆయనకిచ్చిన సొమ్ము ఏమిటో తెలిసిపోతోంది కదా. చెవి, కన్ను, భాష. అలాంటివాడు ఆ రోజుల్లో ఏం చెయ్యాలి? అవధానాలు చెయ్యొచ్చు, కావ్యాలు రాయొచ్చు, సభల్లో శాలువాలు కప్పించుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

ఆయన పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల వైపు చూశారు. అక్కడ సవరలు ఉండేవారు. ఇప్పుడు నేను నిలబడిన ఈ తూర్పు కనుమలే అరకు దాటి, పార్వతీపురం దాటి, అక్కడిదాకా పోతాయి. సవర భాషకి మన తెలుగుతో చుట్టరికం లేదు. అది ముండా కుటుంబం భాష, సంతాలీకి బంధువు. మాట మధ్యలో గొంతు దగ్గర చటుక్కున ఊపిరి ఆగే శబ్దం ఒకటి ఉంటుంది దానిలో. మన అక్షరాల్లో దానికి గుర్తే లేదు. ఆ పిల్లలకి చదువు చెప్పాలని పంతులుగారికి కోరిక పుట్టింది.

ఇప్పుడు ఇక్కడ ఆగి చూడండి. మనమైతే ఏం చేస్తాం? చదువు చెప్పాలంటే పలకా బలపం పట్టుకుని వెళ్తాం. ఆయన మొదట విద్యార్థి అయ్యారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఒక నెల, రెండు నెలలు కాదు, ఏళ్లు పట్టింది. బ్రాహ్మల ఇల్లు, పందొమ్మిదో శతాబ్దం. ఆ ఇంట్లో పంతులుగారికి ఒక పంతులు, అదీ కొండ భాష చెప్పే పంతులు. ఊళ్లో ఎన్ని మాటలు అనుకుని ఉంటారో మీరే ఊహించుకోండి.

ఆ తర్వాత సవరలో పుస్తకాలు రాశారు. బళ్లు పెట్టారు. ఆ బళ్లలో చెప్పేవాళ్లకి జీతాలు తన జేబులోంచి ఇచ్చారు. అదేమంత పెద్ద జేబు? బడి పంతులు జేబు. ప్రభుత్వం 1913లో బిరుదు ఇచ్చింది. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, అప్పటికి ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది, అప్పటికి డెబ్భై అయిదు.

ఈ మధ్యలో జరిగింది ఒకటుంది. కొండల్లో తిరిగితే ఏమొస్తుంది? చలిజ్వరం. ఈ మారేడుమిల్లి వాళ్లకి చెప్పక్కర్లేదు, మలేరియా అంటే ఏమిటో. అప్పట్లో దానికి ఉన్న మందు క్వినైన్ ఒక్కటే. ఎక్కువ వాడితే చెవుల్లో హోరు మొదలై వినికిడి పోతుంది. పంతులుగారికి అదే జరిగింది. చెవుడు వచ్చేసింది.

ఆయనకి దేవుడిచ్చిన సొమ్ములో మొట్టమొదటిది చెవి. ఆ చెవితోనే సవరల మాట పట్టుకున్నారు. ఆ చెవే ఖర్చైపోయింది. నేను ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి కాసేపు మాట రాదు. సేవ అంటే ఖాళీ టైములో మిగిలింది ఇవ్వడం అని మనం పిల్లలకి నేర్పుతాం. ఆయన మిగిలింది ఇవ్వలేదు.

ఇక కొడుకు. గిడుగు వెంకట సీతాపతిగారు, 1885లో పుట్టారు. అంటే పసివాడిగా ఉన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూస్తూ పెరిగారు. పెద్దయ్యాక తండ్రి సవర పనిలో తనూ దిగారు. భాషాశాస్త్రం, పిల్లల పాటలు, సాహిత్య చరిత్ర, ఎన్నో చేశారు ఆయన జీవితంలో. కానీ సవర పని తండ్రి అయ్యాక వదిలెయ్యాల్సిన పాత సామాను అనుకోలేదు. 'ఒరేయ్, నలుగురికి ఉపయోగపడాలిరా' అని పంతులుగారు కొడుక్కి ఉపన్యాసం ఇచ్చారో లేదో గానీ, తండ్రి రాత్రిళ్లు దీపం దగ్గర ఏం రాస్తున్నాడో, జీతం వచ్చిన రోజు ఆ డబ్బు ఎటు పోతోందో ఇంట్లో ఉన్న పిల్లాడు చూడకుండా ఉంటాడా?

కాకినాడ తల్లిగారికి నా మొదటి జవాబు ఇక్కడే ఉందండి. అమ్మా, మీ అమ్మాయికి సేవ నేర్పాలంటే ముందు మీరూ మీ వారూ ఏదో ఒక పని పెట్టుకోండి. మీకు వచ్చిన పనే. మీకు కుట్టు వస్తే కుట్టు, లెక్కలు వస్తే లెక్కలు. ఆ పనికి వెళ్లేటప్పుడు పిల్లని వెంటబెట్టుకుని వెళ్లండి. పంపకండి, తీసుకెళ్లండి. రెండిటికీ చాలా తేడా.

ఇప్పుడు కాస్త కఠినంగా మాట్లాడతాను, ఏమనుకోకండి. ఈ మారేడుమిల్లికి రాజమండ్రి నుంచి, కాకినాడ నుంచి, ఇంకా దూరం నుంచి ఎంతోమంది వస్తారు. జలతరంగిణి చూస్తారు, అమృతధార చూస్తారు, బొంగులో చికెన్ తింటారు. మంచిదే, ఇక్కడివాళ్లకి నాలుగు డబ్బులొస్తాయి. కొంతమంది పిల్లల పుట్టినరోజుకి కూడా వస్తారు. కారు డిక్కీలో బిస్కెట్ ప్యాకెట్లు, పెన్నులు. ఏ ఆశ్రమ పాఠశాల ముందో, ఏ గూడెంలోనో ఆగి పిల్లల్ని వరసలో నిలబెట్టి పుట్టినరోజు పిల్లాడి చేత పంచిపెట్టిస్తారు. ఫోటో తీస్తారు. పావుగంటలో కారు ఘాట్ రోడ్డు ఎక్కేస్తుంది.

ఇచ్చినవాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ ఆ పిల్లాడు ఏం నేర్చుకున్నాడు? నేను ఇచ్చేవాణ్ణి, వీళ్లు పుచ్చుకునేవాళ్లు. అదొక్కటే నేర్చుకున్నాడు. వాడికి దేవుడిచ్చిన సామర్థ్యం ఏదీ అక్కడ ఖర్చు కాలేదు. నాన్న డబ్బులు ఖర్చయ్యాయి, అంతే. ఎదురుగా నిలబడిన కొండరెడ్డి పిల్లాడికి ఏం తెలుసో, ఏం వచ్చో వీడు అడగలేదు. ఆ పిల్లాడికి ఏ చెట్టు చిగురు తినొచ్చో తెలుసు, జీలుగు చెట్టు ఎలా ఎక్కాలో తెలుసు, పోడులో ఏ గింజ ఎప్పుడు చల్లుతారో తెలుసు. పేరన్నా అడిగాడా?

గిడుగువారి పద్ధతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది చూడండి. ముందు నేర్చుకోవడం, తర్వాత నేర్పడం. ఎవరికి సేవ చెయ్యాలనుకుంటున్నామో ముందు వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాట వినడం. పిల్లలకి నేర్పాల్సిన మొదటి సేవ ఇదే అని నా ఉద్దేశం. మీ పిల్లని ఇక్కడికి తీసుకురండి, తప్పకుండా తీసుకురండి. బిస్కెట్లు కూడా తెచ్చుకోండి, అందరూ కలిసి కూర్చుని తినండి. ఆ తర్వాత అడ్డాకులు ఎలా కుడతారో ఇక్కడి ఆడవాళ్ల దగ్గర ఒక పూట నేర్చుకోమనండి. మీ బొమ్మలేసే అమ్మాయి ఒక విస్తరాకు సరిగ్గా కుట్టలేక నాలుగు చింపాక, తన ఎదురుగా ఉన్నావిడని చూసే చూపు మారుతుంది.

ఇంకో సంగతి. సేవ అనగానే మైదానం నుంచి కొండ మీదికి వెళ్లేది అనుకుంటాం. కొండ పిల్లల దగ్గర దేవుడిచ్చింది లేదా? సవరలకి లిపి లేదని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 1936లో, సవరల్లోనే పుట్టిన మంగేయ్ గొమాంగో తమ భాషకి తనే ఒక లిపి తయారుచేశాడు. సొరాంగ్ సొంపెంగ్ అంటారు దాన్ని. ఇవాళ కంప్యూటర్లలో కూడా ఆ అక్షరాలకి చోటుంది.

అంత పెద్ద పని అక్కర్లేదు. ఈ ఏజెన్సీలోనే ఒక ఆసుపత్రిలో నేను చూసింది చెప్తాను. చింతూరు వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. కోయ తప్ప రాదు. డాక్టరుగారు కొత్తగా వచ్చిన కుర్రాడు, గుంటూరు వైపు అబ్బాయి, మంచివాడు. జ్వరం తగ్గి మళ్లీ ఎందుకొచ్చిందో అర్థంకాక అడుగుతున్నాడు. ఆమెకి అర్థంకావట్లేదు. భాష రాకపోతే మనమేం చేస్తాం? గొంతు పెంచుతాం. గట్టిగా చెబితే తెలుగు అర్థమైపోతుందన్నట్టు! అక్కడ ఉన్న నలుగురూ అదే చేస్తున్నారు. ముసలమ్మ ఇంకా ముడుచుకుపోతోంది.

వరసలో వాళ్లమ్మతో వచ్చిన ఒక పిల్ల ఉంది. పన్నెండేళ్లుంటాయేమో. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కాసేపు చూసి లేచి వెళ్లింది. నిలబడి మాట్లాడలేదు. ముసలమ్మ పక్కన నేల మీద కూర్చుంది. కోయలో మెల్లగా ఏదో అడిగింది. ముసలమ్మ చెయ్యి పట్టుకుని గడగడా చెప్పేసింది. విషయం ఏమిటంటే, పోయినసారి ఇచ్చిన మాత్రల్లో సగమే వేసుకుంది. మిగతా సగం ఇంట్లో ముసలాయనకి ఇచ్చింది, ఆయనకీ జ్వరమే. ఇద్దరికీ సగం సగం. ఎవరికీ పూర్తిగా తగ్గలేదు. ఆ చిన్న సంగతి బయటికొచ్చాక డాక్టరుగారి పని తేలికైపోయింది. ఆయన్ని కూడా తీసుకురమ్మని ఆ పిల్లతోనే చెప్పించాడు.

బయటికొచ్చాక ఆ పిల్లని అడిగాను, "నీకు కోయ ఇంత బాగా వచ్చని మీ బళ్లో తెలుసా అమ్మా?" అని. తల అడ్డంగా ఊపింది. "చెప్పనండి. నవ్వుతారు" అంది.

చూశారా అండి, గొయ్యి తీసి దాచడం అంటే ఇదే. కాకపోతే ఇక్కడ గొయ్యి తీసింది ఆ పిల్ల కాదు. నవ్వేవాళ్లు తీశారు. రెండు భాషలు అమ్మభాషల్లా మాట్లాడగలిగిన పిల్ల, మూడోది ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్ల, తనకేమీ రాదనుకుంటోంది. 2004 నుంచి మన రాష్ట్రంలో కోయ, సవర, కువి, కొండ లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పిల్లలకి బళ్లో పాఠాలు మొదలుపెట్టారు. గిడుగువారు సొంత జీతంతో మొదలుపెట్టిన పని ప్రభుత్వం చేతికి రావడానికి అంతకాలం పట్టింది. కానీ పుస్తకం ఒక్కటే చాలదు. ఆ బళ్లో ఉన్న పంతులికి, ఆ భాష ఈ పిల్లకి దేవుడిచ్చిన సొమ్ము అన్న ఎరుక ఉండాలి. ఏజెన్సీలో పనిచేసే టీచర్లు ఈ వీడియో చూస్తుంటే ఒక్క పని చెయ్యండి. రేపు తరగతిలో అడగండి, ఇంట్లో ఇంకో భాష మాట్లాడేవాళ్లు ఎవరని. చెయ్యి ఎత్తిన పిల్లని ముందుకు పిలిచి, మీరు ఒక నాలుగు మాటలు ఆ పిల్ల దగ్గర నేర్చుకోండి. అందరి ముందూ నేర్చుకోండి. మీ ఉచ్చారణ తప్పితే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ నవ్వు వేరు.

ఇంట్లో ఏం చెయ్యాలి అని అడిగేవాళ్ల కోసం కొంచెం చెప్తాను. పిల్లాడికి ఏం వచ్చో తెలియాలంటే వాడికి ఎవరూ పని చెప్పనప్పుడు ఏం చేస్తాడో చూడండి. చీమల వరసని గంటసేపు చూసే పిల్లాడుంటాడు. విరిగిన గొడుగుని విప్పి మళ్లీ బిగించేవాడుంటాడు. ఏడుస్తున్న చంటిపిల్లని ఎవరూ ఊరుకోబెట్టలేనప్పుడు ఒక పిల్ల ఎత్తుకుంటే ఊరుకుంటుంది. దీనికి ఏ పోటీలోనూ బహుమతి ఉండదు. అందుకే మన కంటికి ఆనదు. ముందు దానికి పేరు పెట్టి చెప్పండి. "నీకు ఓపిక బాగా ఇచ్చాడమ్మా దేవుడు" అనండి. ఎనిమిదేళ్ల పిల్ల ఆ మాట ఎనభై ఏళ్లు గుర్తు పెట్టుకుంటుంది.

తర్వాత దానికి ఒక మనిషిని చూపించండి. ఊరందరికీ కాదు, లోకానికి కాదు, ఒక మనిషికి. లెక్కలు వచ్చిన పిల్లాణ్ణి సంతకి తీసుకెళ్లి, చింతపండో కుంకుడుకాయలో అమ్ముకోవడానికి వచ్చిన ఒక అవ్వ పక్కన కూర్చోబెట్టండి. కాటాలో ఎంత వచ్చింది, కిలోకి ఎంత, మొత్తం ఎంత రావాలి, చిల్లర ఎంత ఇచ్చారు, వాడు చెప్తే చాలు. తొంభైకి తొంభై మార్కులు తెచ్చుకున్నప్పుడు రాని సంతోషం ఆ రోజు వస్తుంది వాడికి. గొంతు బాగున్న పిల్లని, కళ్లు కనపడని తాతగారికి రోజూ పావుగంట పేపరు చదివి వినిపించమనండి. స్టేజి అవసరం లేదు. ఒకే మనిషికైతే మానేస్తే తెలుస్తుంది. తాతగారు "నిన్న రాలేదేం?" అని అడుగుతారు. ఆ ప్రశ్న పిల్లకి కావాలి.

ఫోటో తియ్యకండి. దయచేసి. తీస్తే తీశారు, స్టేటస్‌లో పెట్టకండి.

ఇంకొకటి, ఇది తప్పకుండా చెప్పాలి. సేవ పేరు చెప్పి ఆడపిల్లల చేత అంట్లు తోమించి, తమ్ముణ్ణి మోయించి, "మా అమ్మాయిది సేవా గుణమండి" అనకండి. అది పని. ఇంట్లో పని అందరూ పంచుకోవాలి, మగపిల్లాడు కూడా. అలాగే ఆసుపత్రిలో మాట అందించిన పిల్ల ఉంది కదా, బాగా చేస్తోందని రోజూ బడి మాన్పించి అక్కడ కూర్చోబెడితే అది అన్యాయం. పిల్లల సేవకి ఒక హద్దు ఉండాలి. దాన్ని మనం గీయాలి, వాళ్లకి గీయడం రాదు.

సరే, రంపచోడవరం నాన్నగారికి జవాబు బాకీ ఉన్నాను.

అయ్యా, మీ భయం నాకు తెలుసు. కొండ మీద బతుకు ఎంత కష్టమో మీకు తెలుసు, దాన్ని దాటించాలనే కొడుకుని చదివించారు. చదివించాక వాడు వెనక్కి తిరిగి అదే కొండ వైపు చూస్తుంటే ఏ తండ్రికైనా గుండె జారుతుంది. డోలీలో మనిషిని మోసుకెళ్లిన భుజం నొప్పి తెలిసిన మీకు, ఏసీ గదిలో కూర్చుని సేవ గొప్పదని చెప్పేవాళ్ల మాట నచ్చదు. నచ్చకూడదు కూడా.

అందుకని నేను మీకు నీతి చెప్పను. గిడుగువారి జీవితంలోంచే రెండు సంగతులు మీ ముందు పెడతాను. ఒకటి, ఆయన బడి ఉద్యోగం చేసుకుంటూనే సవర పని మొదలుపెట్టారు. ఇల్లు గాలికొదిలెయ్యలేదు. మీ అబ్బాయి అడుగుతున్నది కూడా ఉద్యోగమే కదా. డీఎడ్ చేసి, డీఎస్సీ రాసి టీచరైతే నెల జీతం వస్తుంది. సన్యాసం కాదది. వాడితో కూర్చుని ఖర్చులు, జీతం, చెల్లెలి చదువు, అన్నీ కాగితం మీద లెక్క వెయ్యండి. సేవ చేస్తానన్న పిల్లాడు లెక్క వెయ్యడానికి భయపడితే అప్పుడు అనుమానించండి.

రెండోది కష్టమైంది. ఆయనకి చెవులు పోయాయి. దీన్ని దాచిపెట్టి మీ అబ్బాయిని ప్రోత్సహించమని నేను చెప్పలేను. ఈ పనిలో ఏదో ఒకటి పోతుంది. మలేరియా ఇప్పుడు అంత భయం కాకపోవచ్చు, కానీ పెళ్లి సంబంధాలు తగ్గొచ్చు, తోటివాళ్లు బెంగళూరులో ఇల్లు కొన్నప్పుడు వాడికి చివుక్కుమనొచ్చు, వాన పడితే బడికి నడిచే దారి ఉండకపోవచ్చు. ఇవన్నీ వాడికి ముందే చెప్పండి, తండ్రి చెబితేనే వింటాడు. కానీ ఒక్క మాట అనకండి, తెలివి వృథా అవుతుందని. కొండ పిల్లాడి భాష, ఆకలి, సిగ్గు తెలిసిన పంతులు ఒక్కడు దొరక్క ఎంతమంది పిల్లలు నాలుగో తరగతి దగ్గరే ఆగిపోతున్నారో మీ ఊళ్లోనే లెక్కపెట్టొచ్చు. ఆ పనికి మామూలు తెలివి సరిపోదండి. ఇంజనీరింగ్‌కి కావలసినదానికంటే తక్కువేం కాదు.

పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు, 1936 ఏప్రిల్ ఒకటో తారీకున, పంతులుగారు ఇష్టంలేక ఆ ఊరు వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది ఆ తర్వాత రెండేళ్లకి. ఊరు పోయింది, చెవులు పోయాయి, డెబ్భై దాటింది, పని మాత్రం నడుస్తూనే ఉంది. 1940 జనవరిలో కన్నుమూశారు. ఆయన చివరి రోజులు గడిపిన రాజమండ్రి ఇక్కడికి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. గోకవరం మీదుగా బస్సు ఉంది. మీ అబ్బాయికి ఆ కథ చెప్పండి, లేదా వాడితోనే చదివించుకుని వినండి.

ఆ నాన్నగారికి నిన్న ఫోన్లో ఇంతవరకూ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "డైట్ కాలేజీ అప్లికేషన్లు ఎప్పుడొస్తాయండి?" అని అడిగారు. ఒప్పుకున్నారని కాదు. అడిగారు, అంతే. ఇంట్లో ఇంకా మాట్లాడుకుంటున్నారు.

కాకినాడ తల్లిగారు, మీరు సెలవుల్లో అమ్మాయిని తీసుకుని వస్తానన్నారు కదా. రండి. అడ్డాకులు కుట్టే ఒక అమ్మమ్మతో మాట్లాడి పెట్టాను. ఆవిడ ఒక షరతు పెట్టింది. "పిల్ల నా దగ్గర ఆకులు కుట్టడం నేర్చుకుంటే, నాకు సంతకం పెట్టడం నేర్పాలి" అంది. వేలిముద్ర వేసి వేసి విసుగొచ్చిందట.

వచ్చేవారం పరీక్షల ముందు పిల్లల నిద్ర గురించి మాట్లాడుకుందాం. వాగు ఇంకా మోగుతూనే ఉంది, మావాడు కెమెరా కట్టేస్తానంటున్నాడు. ఉంటానండి, నమస్కారం.